కింది వరుస కొలతలు

క్రితం వారం చాయ్‌యూన్‌ను మనం నాలుగో అంతస్తు గుమ్మంలో వదిలివచ్చాం. వడ్రంగి ఆఖున్ అన్నయ్య కొత్త బల్లను ముక్కలుగా విప్పి మెట్ల మీదుగా మోసుకొస్తుంటే, ఆమె తలుపు పట్టుకుని నిలబడి ప్రతి మెట్టుకూ ఒక హెచ్చరిక చేస్తోంది. గుడి ముందరి అరుగు మీద మజాంగ్ పలకలు ఆడుకునేవాళ్ళను మరమ్మతుల పేరు చెప్పి లేపేశాక, శనివారం ఆట ఇక తన ఇంట్లోనే అని పట్టుబట్టింది ఆమే. ఆట ఆగితే మనుషులు రావడం మానేస్తారు, మానేసినవాళ్ళు మళ్ళీ దొరకరు. అది ఆమె భయం. వాన్హువా పేటలో ఆ పాత వాడంతా ఒక్కొక్కరే జారిపోతుండగా ఆ భయం ఊరికే పుట్టింది కాదు. ఆమె, భర్త కిమ్‌చుయ్, భర్తకు అక్క అయిన మీహో వదిన, ఆఖున్. మిగిలింది ఆ నలుగురు. వడ్రంగికి కొలతలు ఇచ్చిరావడానికి మాత్రం కిమ్‌చుయ్ ఒక్కడే వెళ్ళాడు. అక్కడే ఏదో తేడా జరిగిందని ఆమెకు వారం నుంచీ అనుమానం.

ఇప్పుడు బల్ల నిలబడింది. నిలబడ్డాక చూస్తే గదిలో మనుషులకు చోటు లేదు.

అసలే ఆ గది అరచేతిలో సగం. ఫ్రిజ్ తలుపు తీస్తే వీధి తలుపు తెరుచుకోదు. కుర్చీ వెనక్కి జరిపితే బీరువా సొరుగుకు తగులుతుంది. కిటికీకి ఇనుప చట్రం, చట్రంలో పూలకుండీలు, వాటి పక్కన ఆరేసిన బట్టలు. అందుకే చాయ్‌యూన్ నెల రోజులు ఆలోచించి, దారం ముక్కలతో కొలిచి, ముడులు వేసి మరీ మొగుడి చేతికిచ్చింది. పైన మూత ఉండాలి, మూత కింద జానెడు లోతున గుంట ఉండాలి. మూత వేస్తే అన్నం బల్ల, తీస్తే ఆట బల్ల. ఆట సగంలో ఆగితే పలకలు ఎక్కడివక్కడే ఉంచి, పైన మూత పెట్టి భోంచేయవచ్చు. మరుసటి వారం మూత తీస్తే ఎవరి ఆట వారి ముందు. మధ్యలో ఆపిన ఆట కోసమైనా మనిషి తిరిగి వస్తాడని ఆమె లెక్క.

మూతా ఉంది, గుంటా ఉంది. మిగతాదంతా ఆమె అడగనిదే.

"అన్నయ్యా, ఇది బల్లా, మంచెనా?" అంది చాయ్‌యూన్ కుర్చీలో కూర్చుని. "చూడు, గడ్డం ఆనుతోంది. పలకలు ఆడాలా, నాకాలా?"

ఆఖున్ మోకాళ్ళ మీద కూర్చుని నాలుగో కాలుకు మరమేకు బిగిస్తున్నాడు. తల ఎత్తలేదు. "కుర్చీలో దిండు వేసుకోండి చెల్లెమ్మా."

"మీహో వదినకు మోకాళ్ళ నొప్పులు. దిండు మీద దిండేసి ఆమెను సింహాసనం ఎక్కించమంటావా? ఇప్పటికే ఆమెకు తక్కువేం లేదు."

"పీట వేద్దాం కాళ్ళ కింద."

"పీటెక్కడ వేస్తావు? నా నెత్తి మీదా?"

ఆమె లేచి కిటికీ వైపుకు వెళ్ళబోయింది. వెళ్ళడానికి బీరువాకు వీపు రుద్దుకుంటూ పక్కవాటుగా జరగాల్సి వచ్చింది. అటువైపు కూర్చుని కాళ్ళు చాపబోతే మోకాళ్ళు ఠపీమని దేనికో తగిలాయి. వంగి చూసింది. బల్ల అంచు కింద, ఆ ఒక్క వైపే, చిన్న గూడు లాంటి పెట్టె బిగించి ఉంది. దానికి కిటికీ వైపు తెరుచుకునే బుల్లి తలుపు, తలుపుకు వరసగా చిన్న చిన్న చిల్లులు.

"ఇదేమిటి?"

"సొరుగు లాంటిది."

"నేను సొరుగు అడిగానా? ఇక్కడెవరు కూర్చుంటారు? కాళ్ళు తీసి చంకలో పెట్టుకోవాలా?"

"అది తన చోటే అన్నాడు కిమ్‌చుయ్. తను పక్కకు తిరిగి కూర్చుంటానన్నాడు."

"ఆయన పక్కకు తిరగక ఎప్పుడు కూర్చున్నాడు గనక" అంది చాయ్‌యూన్.

ఆ మాటకు ఆఖున్ చేతిలో స్క్రూడ్రైవర్ ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ తిరిగింది.

వంటగది మూలన ముల్లంగి రొట్టె ఆవిరి మీద ఉడుకుతోంది. మధ్యాహ్నం దాటగానే వదిన వస్తుంది. కిమ్‌చుయ్ జాడే లేదు. బల్ల గుంటలో పరచడానికి పచ్చగుడ్డ కొనుక్కొస్తానని తెల్లవారగానే బయలుదేరాడు. పచ్చగుడ్డ వీధి చివరి కొట్లోనే దొరుకుతుంది. పైగా ఆకాశంలో మబ్బు తునక లేదు, తలుపు వెనకున్న పెద్ద నల్ల గొడుగు పట్టుకుపోయాడు. ఏ వీధిలో ఏ బస్సు కింద పడ్డాడో అని ఆమె ఒకపక్క భయపడుతూనే ఉంది, ఇంకోపక్క వస్తే ఏమని తిట్టాలో మాటలు పేర్చుకుంటూనే ఉంది. ఆమెకు ఆ రెండూ ఎప్పుడూ కలిసే వస్తాయి.

కోపం తీరక మూతను పట్టి లేపింది. పైవైపు మామూలు చెక్క, నూనె రాసి నునుపు చేశాడు. కిందివైపు మాత్రం ఎర్ర లక్క నిగనిగలాడుతోంది. చుట్టూ వేలెడు ఎత్తున సన్నని గట్టు.

"ఎవరూ చూడని వైపు లక్క పూశావు. చూసే వైపు వట్టి నూనె. నీకు చత్వారమా, మతిమరుపా?"

"వాడు అలాగే అడిగాడు."

"చెక్క కూడా ఆయనే అడిగాడా?" ఆమె మూత అంచును వాసన చూసింది. కర్పూరం చెట్టు చెక్క. దేవుడి బొమ్మలు చెక్కడానికి వాడేది. "మజాంగ్ ఆడుకోవడానికి ఈ చెక్కా? మీహో వదిన కూర్చోగానే ధూపం వెలిగించాలా?"

ఆఖున్ నవ్వలేదు. ఎప్పుడూ నవ్వే మనిషి. ఆమె ఇంతవరకూ వేసిన మాటల్లో సగానికి తిరుగు జవాబులు రావాలి, కుర్రతనం నుంచీ ఇద్దరికీ అదే వరస. ఈ వేళ అతను తలవంచుకుని దెబ్బలు తింటున్నాడు. తప్పు చేసినవాడే అలా తింటాడు.

"నీ టేపు ఇలా ఇవ్వు" అంది చాయ్‌యూన్.

"ఎందుకు చెల్లెమ్మా, కూర్చోండి, టీ పెట్టండి..."

"ఇవ్వు."

అతను ఇవ్వలేదు. ఆమే వంగి అతని నడుము బెల్టు నుంచి లాక్కుంది.

అది ఆయం, అంటే కొలతలో మంచిచెడ్డలు, చూసే టేపు. వాళ్ళ దేశంలో వడ్రంగి అన్నవాడి దగ్గర అది లేకుండా ఉండదు. తలుపైనా, మంచమైనా, బల్లైనా కొలత ఎర్ర అక్షరం మీద పడేలా కోస్తారు, నల్ల అక్షరం మీద పడితే వెంట్రుకవాసి తగ్గించో పెంచో సరిచేస్తారు. చాయ్‌యూన్ బడి మొహం చూసింది తక్కువే. అయినా ఆ అక్షరాలు చదవడం ఆమెకు చిన్నప్పటినుంచీ వచ్చు.

నేల నుంచి బల్ల ఎత్తు పట్టింది. నలుపు. 'రోగం రావడం' అని ఉంది.

"అన్నయ్యా."

అతను మేకుల డబ్బా సర్దుకుంటున్నాడు.

అడ్డం పట్టింది. నలుపు. నిలువు పట్టింది. నలుపు. టేపు ఒకసారి చర్రున వెనక్కి చుట్టుకుపోయింది, మళ్ళీ లాగింది. కిటికీ వైపుకు జరిగి, మోకాలు నొప్పి మరిచి కిందికి వంగి, ఆ గూటి లోపలి కొలత పట్టింది. అక్కడా నలుపే. 'ఇల్లు విడిచి పోవడం' అని ఉంది.

ఆమె అక్కడే నేల మీద చతికిలబడింది.

"ఏం పాపం చేశాను నీకు?" అంది మెల్లగా. ఇప్పుడు ఎగతాళి లేదు గొంతులో. "నా ఇంట్లో మిగిలినవాళ్ళే వేళ్ళ మీద ఉన్నారు. వాళ్ళను పోగొట్టుకోకూడదనే ఈ బల్ల చేయించుకున్నాను. ప్రతి కొలతా చెడ్డదే వేశావు. ఒకటి తప్పిందంటే చెయ్యి జారిందనుకుంటాను. అన్నీ తప్పవు. నీకు అన్నీ తప్పడం రాదు."

"అన్నీ తప్పలేదు" అన్నాడు ఆఖున్.

"మరేమిటిది? చదువుకో." టేపు ఎత్తి అతని మొహం ముందు పెట్టింది.

అతను ఏమీ చదవలేదు. నల్లబడిన గోరు ఒకటి తెచ్చి టేపు మీద, ఆమె బొటనవేలు కప్పేసిన చోట ఆనించాడు. ఆమె వేలు పక్కకు తీసింది.

ఆ టేపుకు రెండు వరసలు. పై వరుస బతికున్నవాళ్ళ ఇళ్ళకు, సామాన్లకు. కింది వరుస సమాధులకు, పోయినవాళ్ళ పేరు చెక్కలు నిలిపి పూజించే పీఠాలకు. కింది వరుసను మామూలు పనిలో ఎవరూ చూడరు, చూపు కూడా అటు పోనివ్వరు. ఆమె ఇంతసేపూ పై వరుసే చదివింది. ఇప్పుడు కింది వరుస చూసింది. గూటి కొలత దగ్గర ఎర్ర అక్షరం. 'ఇంటికి మనిషి చేరిక'.

లేచి మళ్ళీ ఎత్తు కొలిచింది. కింది వరుసలో ఎరుపు. అడ్డం, నిలువు. ఎరుపు, ఎరుపు.

వంటగదిలో ఆవిరి గిన్నె మూత తడబడుతోంది.

"ఆయనకేమైంది?" అంది చాయ్‌యూన్ చివరకు. "ఆసుపత్రికి వెళ్ళాడా? ఏం చెప్పారు? దగ్గు కూడా లేదే. నాతో చెప్పకుండా తన పీఠం తనే కొలతలిచ్చి చేయించుకుంటున్నాడా? ఈ ఇంట్లో రెండు బల్లలకు చోటు లేదని, ఆట బల్ల మీదే తన పేరు చెక్క పెట్టుకోమనా?"

"వాడికేమీ కాలేదు చెల్లెమ్మా. గుండ్రాయిలా ఉన్నాడు."

"ఒట్టు వెయ్యి."

"ఒట్టు. ఎత్తు ఎంత ఉండాలిరా అని అడిగాను. నిలబడి ధూపం వెలిగిస్తే నడుము వంగకూడదన్నాడు. తన రొమ్ము దగ్గర చెయ్యి పెట్టి చూపించాడు. వెలిగించేది వాడే. ఇంక వాడికెలా అవుతుంది?"

"అయితే నాకా?"

"ఛీ. నోరు మంచిదైతే బాగుండు."

"మరెవరికి? నన్ను ఇలా చంపుతావేం?"

ఆఖున్ బల్ల కాలు పట్టుకుని నెమ్మదిగా లేచాడు. "ఎవరి పేరూ నాకూ చెప్పలేదు. కొలతలు చెప్పి, కింది వరుస వెయ్యి అన్నాడు, అంతే. నేను మళ్ళీ అడగలేదు. వాడు ఏళ్ళ తర్వాత నోరు తెరిచాడు, అడిగితే మళ్ళీ మూసుకుంటాడని భయపడ్డాను." వంగి గూటి తలుపు చూపించాడు. "ఎందుకని అడిగింది ఈ చిల్లుల గురించి ఒక్కటే. తలుపుకు చిల్లులెందుకురా, పురుగులు దూరుతాయి అన్నాను. పలకల చప్పుడు లోపలికి వినపడాలన్నాడు. దానికి ఆ చప్పుడు లేకపోతే నిద్రపట్టదు కదా అన్నాడు."

దానికి.

చాయ్‌యూన్ చెయ్యి బల్ల అంచు మీద ఉన్నది ఉన్నట్టే ఉండిపోయింది.

వాళ్ళ కూతురు ఆచింగ్ చంటిపిల్లగా ఉన్నప్పుడు ఉయ్యాల ఊపినా, పాట పాడినా నిద్రపోయేది కాదు. పెద్దవాళ్ళు ఆడుతుంటే బల్ల కిందకు పాకి, కాళ్ళ మధ్య ముడుచుకుని, పైన పలకలు కలిపే గలగల వింటూ క్షణంలో నిద్రపోయేది. ఆట అయిపోయి చప్పుడు ఆగగానే లేచి ఏడ్చేది. అందుకని మీహో వదిన, ఆ మీహో వదినే, పిల్ల లేవకుండా ఒంటిచేత్తో పలకలు కలుపుతూ కూర్చునేది.

కాలేజీలో చేరిన ఏడు, వానలో స్కూటర్ జారి చనిపోయింది పిల్ల. పెళ్లి కాని పిల్ల. ఆడపిల్ల పేరు చెక్కకు అత్తింటి పీఠం మీదే చోటు, పుట్టింటి పీఠం మీద ఉండదు. పెళ్లే కాకపోతే రెండూ లేవు. "ఆచారం నేను పుట్టించింది కాదు" అంది మీహో వదిన ఆ రోజు. తల్లి పోయాక తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచిన మనిషి, ఆమె మాటకు కిమ్‌చుయ్ ఎదురు చెప్పడు. అలాంటి ఆడపిల్లల కోసమే కీలుంగ్ కొండ మీద ఒక చిన్న గుడి ఉంది. అక్కడ వరసలు వరసలుగా వాళ్ళ పేర్లు, వాటి ముందు గాజులు, దువ్వెనలు, పెదవుల రంగులు. ఆచింగ్ పేరు చెక్కనూ అక్కడికే తీసుకుపోయారు.

తీసుకుపోయేటప్పుడు నల్ల గొడుగు పట్టాలి. పట్టినవాళ్ళు దారి పొడుగునా పిల్లతో మాట్లాడుతూ ఉండాలి. ఇదుగో బస్సెక్కుతున్నాం, ఇదుగో మలుపు, ఇదుగో వంతెన, రా తల్లీ అని. చెప్పకపోతే ఆత్మ దారి తప్పి అక్కడే నిలబడిపోతుంది. గొడుగు పట్టింది కిమ్‌చుయ్. వంతెన దగ్గర అతనికి నోరు పెగల్లేదు. చాయ్‌యూన్‌కు ఏడుపులో గొంతు లేదు. ఎవరూ పిలవకుండానే వంతెన దాటేశారు. ఆ తర్వాత ప్రతి ఏడూ ఆమె ఒక్కతే కొండెక్కి గాజులు మార్చి వచ్చేది. ఆ పేరు ముందు నిలబడినప్పుడల్లా ఒకటే బెంగ, పిల్ల ఇక్కడుందా, ఆ వంతెన మీదే ఉండిపోయిందా అని. కిమ్‌చుయ్ ఒక్కసారీ రాలేదు. ఆ పేరు పలకనూ లేదు. ఆమె ఎత్తితే పక్కకు తిరిగి కూర్చునేవాడు.

"నాతో చెప్పలేదు" అంది చాయ్‌యూన్. కన్నీళ్ళు రాలేదు, ఒళ్ళు మండుతోంది. "ఇన్నేళ్ళూ నేనొక్కదాన్నే ఆ కొండ ఎక్కాను. కాళ్ళు పడిపోయేలా ఎక్కాను. ఇంట్లో గోడతో మాట్లాడినట్టు మాట్లాడాను. ఆయన లోపల ఇంత పెట్టుకుని, పోయి వడ్రంగికి చెబుతాడా? నా దారం ముడులు ఏం చేశాడు? పారేశాడా?"

"పారెయ్యలేదు. గుంట లోతు, మూత వెడల్పు మీ ముడులతోనే కోశాను. మిగిలినవి వాడివి."

"మూత ఎర్ర వైపు?"

"మామూలు రోజుల్లో మూత తిరగేసి పెడితే పీఠం అవుతుంది. అమ్మాయి పైన, కిటికీ వెలుగులో ఉంటుంది. ఆట రోజున..." ఆఖున్ గొంతు తగ్గించాడు. "మీ వదిన వచ్చే రోజున లోపల ఉంటుంది. మూత మామూలు వైపు తిరుగుతుంది. ఎవరికీ తెలియదు."

"దొంగతనంగానా?" అంది ఆమె. "నా పిల్లను నా ఇంట్లో దొంగసొత్తులా దాచాలా?"

ఆఖున్ స్క్రూడ్రైవర్ తీసి జేబులో పెట్టుకున్నాడు, మళ్ళీ బయటికి తీశాడు.

అప్పుడు వినిపించింది మెట్ల మీద నుంచి. ఆ మేడ మెట్లు బావి లాంటివి, అడుగున గుసగుసలాడినా పైకి వస్తుంది. బొంగురుపోయిన మగగొంతు, మాట్లాడటం అలవాటు తప్పిన గొంతు.

"ఇది మొదటి అంతస్తు. మలుపు. ఇక్కడ ఎవరివో చెప్పులున్నాయి, చూసుకో... రెండో అంతస్తుకు వెళ్తున్నాం. వీళ్ళు కొత్తవాళ్ళు, నీకు తెలియదు. వంతెన దగ్గరికి కూడా వెళ్ళొచ్చాన్రా, అక్కడ ఉన్నావేమోనని. పిలిచాను, విన్నావు కదా. రా... మెట్టు విరిగింది, పక్కనించి."

చాయ్‌యూన్ గుమ్మం దగ్గరికి ఎలా వచ్చిందో ఆమెకు తెలియదు. బల్ల మూల తుంటికి కొట్టుకుంది, బీరువా సొరుగు మోచేతికి కొట్టుకుంది. తలుపు తీయబోయి, ఫ్రిజ్ తలుపు సరిగా పడక అడ్డం వస్తే కాలితో తన్నింది. మెట్ల కటకటాల మీదుగా కిందికి చూస్తే మలుపులో నల్ల గొడుగు పైభాగం, విప్పి ఉన్నది, అటూ ఇటూ గోడలకు రాసుకుంటూ పైకి వస్తోంది.

దాని వెనక, ఒక అంతస్తు కింద, కర్ర చప్పుడు.

"ఒరే తమ్ముడూ" అంది మీహో వదిన గొంతు. ఈ వేళ ఆమె ముందుగా వచ్చింది. "ఇక్కడ ఎండా లేదు, వానా లేదు. మెట్ల మీద గొడుగేమిట్రా? ఎవరితోరా ఆ మాటలు?"

గొడుగు ఆగిపోయింది.

"నిన్నేరా. ఆ చేతిలో ఏమిటి?"

కిమ్‌చుయ్ మాట్లాడలేదు. అక్కకు జవాబు చెప్పలేదు, పిల్లకూ చెప్పలేదు. మూడో అంతస్తు మలుపు దగ్గర అతను అలా నోరు కట్టుకుపోయి నిలబడటం చాయ్‌యూన్‌కు పైనుంచి కనిపించకపోయినా తెలిసింది. అదే మౌనం. వంతెన మీద విన్న మౌనం. ఇప్పుడు ఎవరూ పిలవకపోతే పిల్ల ఆ మలుపులోనే ఉండిపోతుంది.

ఆమె కటకటాలు రెండు చేతులా పట్టుకుంది.

"ఆచింగ్" అంది. మళ్ళీ అంది, మేడంతా వినేలా. "ఆచింగ్, ఇది మూడో అంతస్తమ్మా. కుడివైపు తిరుగు. మీ నాన్న పక్కనే ఉన్నాడు. ఇంకొక్క అంతస్తే. తలుపు తీసే ఉంచాను, రా."

ఆమె వెనక, గదిలో, చెక్క మీద చెక్క జరిగిన చప్పుడైంది. ఆఖున్ మూతను ఎర్ర వైపు పైకి తిరగేస్తున్నాడు.

గొడుగు కదిలింది. ఒక మెట్టు ఎక్కింది, ఇంకో మెట్టు ఎక్కింది. దాని కింద మొదట కిమ్‌చుయ్ చెప్పులు కనిపించాయి, తర్వాత ఎర్రగుడ్డలో చుట్టి రొమ్ముకు హత్తుకున్న మూట. ఆ వెనకే మీహో వదిన నెరిసిన తల కనిపించింది. ఆమె కర్రను చంకలో పెట్టుకుని, ముందుకు వంగి, తమ్ముడి చొక్కా కొసను పిడికిట్లో బిగించి పట్టుకుంది.

వెనక్కి లాగడానికి పట్టుకుందో, పైకెక్కడానికి ఆసరాగా పట్టుకుందో, నాలుగో అంతస్తు నుంచి చూస్తే తెలియడం లేదు.